పీఠిక: సమవయస్కుల ధర్మాసనం

ధర్మనిర్ణయం వయోవృద్ధుల బాధ్యతగా తరతరాలు భావిస్తూ వచ్చిన మన సమాజం ఎదుట, ఉన్నత పాఠశాల విద్యార్థులే న్యాయవాదులుగా, న్యాయమూర్తులుగా ఆసీనులై తోటి బాలల అపరాధాలను విచారించే అమెరికా యువ న్యాయస్థానాల వృత్తాంతాన్ని ఈ గ్రంథకర్త సవినయంగా నిలుపుతున్నారు.

బాల్యంలో చేసిన తప్పుకు పెద్దల దండన తగదన్న వివేకం మనకు అనాదిగా ఉన్నదే. చిన్ననాడు కీటకాన్ని పుల్లతో గుచ్చిన దోషానికి శూలారోపణ అనుభవించిన మాండవ్య మహర్షి సాక్షాత్తు యమధర్మరాజునే నిలదీసి, పద్నాలుగేళ్లలోపు చేసినది పాతకం కాదన్న మర్యాదను నెలకొల్పినట్టు మహాభారత ఆదిపర్వం చెబుతున్నది. అటువంటి కారుణ్యమే 1899లో షికాగో నగరాన, జూలియా లాత్రాప్ వంటి సంస్కర్తల కృషితో, బాలల ప్రత్యేక న్యాయస్థానంగా రూపుదాల్చింది. ఆ వంశవృక్షానికే చిగిర్చిన కొమ్మలు 1983లో టెక్సాస్‌లోని ఒడెస్సాలో, 1989లో అలాస్కాలోని యాంకరేజ్‌లో వెలసిన యువ న్యాయస్థానాలు.

అక్కడికి వచ్చేవి దుకాణాల్లో చిల్లర దొంగతనం, పరుల ఆస్తికి నష్టం, చిన్నపాటి కొట్లాట వంటి అభియోగాలు. చాలాచోట్ల నేరం ముందే అంగీకరించినవారినే విచారణకు స్వీకరిస్తారు గనుక, చేసిన తప్పు ఎలా సరిదిద్దుకోవాలన్నదే అక్కడి ప్రధాన మీమాంస. సమాజసేవ, క్షమాపణ లేఖ, నష్టపరిహారం అక్కడి దండనలు. యాంకరేజ్‌లో స్వచ్ఛందంగా వచ్చే విద్యార్థులు న్యాయశాస్త్ర పాఠాలు అభ్యసించి, ప్రత్యేక పరీక్షలో ఉత్తీర్ణులైన పిదపనే వాదించే అర్హత పొందుతారు. సాయంకాలపు ఆటపాటలను వదులుకుని, ముఖపరిచయమైనా లేని తోటివాని పక్షాన వాదనకు సిద్ధమయ్యే ఆ శ్రమలోని గాంభీర్యాన్ని గ్రంథకర్త ఓపికగా వివరించారు. అనేక న్యాయస్థానాల్లో శిక్ష పొందినవాడు తరువాత తానే జ్యూరీ సభ్యుడై కూర్చోవలసి ఉంటుంది. నిన్న తలవంచి నిలిచినవానికి నేడు ఇంకొకరి మంచిచెడ్డలు తూచే గౌరవాన్ని అప్పగించే ఆ నియమంలోనే ఈ వ్యవస్థకు ప్రాణమున్నదని నా దృఢవిశ్వాసం.

ప్రశంసకు పరీక్ష తోడుండాలన్న శాస్త్రమర్యాదనూ గ్రంథకర్త పాటించారు. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ పండితులు నాలుగు రాష్ట్రాలను పరిశీలించి 2002లో వెలువరించిన అధ్యయనంలో, అలాస్కా యువ న్యాయస్థానానికి వెళ్లిన బాలల్లో ఆరు నెలల్లోగా మళ్లీ నేరారోపణకు గురైనవారు 6 శాతం కాగా, సాధారణ విధానంలో నడిచినవారిలో 23 శాతం. మిస్సోరీ ఫలితమూ అనుకూలమే. మేరీలాండ్‌లో అట్టి ప్రయోజనం కానరాలేదన్న సత్యాన్ని సైతం మరుగుపరచకపోవడం ఈ రచనకు నిండుదనం.

మన దేశంలో 2015 నాటి చట్టం ప్రకారం బాలల న్యాయమండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. సమవయస్కులకు అందులో స్థానం లేదు. పరదేశ పద్ధతిని యథాతథంగా తెచ్చుకొమ్మని గ్రంథకర్త కోరడం లేదు. తోటివాని తప్పును ద్వేషం లేకుండా తూచగల శిక్షణ మన పాఠశాలల్లోనూ అలవడాలని మాత్రమే కోరుతున్నారు. ఆ కోరిక నాది కూడా. ఉపాధ్యాయులు, న్యాయవిద్యార్థులు, తల్లిదండ్రులు ఈ గ్రంథాన్ని శ్రద్ధగా పఠించి తమ పిల్లలతో చర్చించుదురుగాక అని ఆకాంక్షిస్తూ, గ్రంథకర్తను మనసారా ఆశీర్వదిస్తున్నాను.