రేడియో వార్త, డప్పు సాటింపు

1948 సెప్టెంబరు గురించి రాసేవాళ్లు దక్కన్ రేడియో నిజం చెప్పిందా, అబద్ధమాడిందా అన్న కాడనే ఆగుతున్నారు. ఆ ప్రశ్న అవసరమే. కాని వేములవాడ చుట్టుపక్కల మాల మాదిగ వాడల నుంచి చూస్తే అది సరిపోదని మేం అంటున్నాం.

1935లో నిజాం సర్కారు చేతికొచ్చిన దక్కన్ రేడియో ప్రధానంగా ఉర్దూ రేడియో. భారత సైన్యం 1948 సెప్టెంబరు 13న సంస్థానంలోకి దిగింది. 17న నిజాం అదే రేడియోలో లొంగుబాటు చాటిండు. 23న మళ్లీ మాట్లాడి తప్పంతా ఒక చిన్న గుంపు మీదికి నెట్టిండు. పది రోజులల్ల గొంతు మారింది, స్టేషన్ మారలే. అంతకుముందు చెప్పినదానికి జవాబెవరన్న ప్రశ్నే రాలేదు.

మరి ఢిల్లీ రేడియో సంగతేంది? అప్పుడు హోం శాఖ, సంస్థానాల శాఖ, సమాచార ప్రసార శాఖ మూడూ పటేల్ చేతిలోనే ఉన్నై. చర్య జరిపించిన మంత్రి కిందనే వార్త కూడా. సైన్యం చేసిన దాడికి 'పోలీసు చర్య' అని సర్కారు పెట్టిన పేరే చరిత్రయింది. ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని అంచనా వేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక 2013 దాకా జనానికి అందలేదు. ఒకరిది గొంతు మార్చే అబద్ధమైతే ఇంకొకరిది నోరు మూసుకునే అబద్ధం. గుడి ప్రాకారం లోపలే దర్గా ఉన్న వేములవాడకు 'హిందువులు, ముస్లింలు' అన్న ఆ రెండు గీతల లెక్క అసలే అతకదు.

ఊళ్లో రేడియో ఉన్నదంటే అది గడిలోనో పట్వారీ ఇంట్లోనో. వెట్టికి తప్ప ఆ గడప తొక్కనోనికి వార్త ఎట్ల చేరాలె? డప్పు మీద. సాటింపు వేసేది మాదిగోడు, మాట మాత్రం పటేలుది. దీన్ని గొప్ప చేసి చెప్పాలని మాకు లేదు, అదీ వెట్టే. అయితే ఒక తేడా ఉన్నది. సాటింపు వేసినోడు తెల్లారి అదే వాడల తిరగాలె. మాట తప్పయితే ఇటు దొర తిట్లు, అటు ఊరి తిట్లు ఆయనకే. స్టూడియోలో కూసున్నోనికి ఆ భయం లేదు. విశ్వసనీయత గురించి పుస్తకాలు రాసే మన పండితులకు ఈ మనిషి వార్తాహరుడుగా ఎన్నడూ కనపడలే. రేడియో చరిత్ర మైకు కాడ మొదలైతది, డప్పు కాడ కాదు.

నిజాం పోయిండన్న వార్త ఊళ్లకు వచ్చింది. సైన్యం అండతో దొరలు తిరిగొచ్చి, పేదలు దున్నుకుంటున్న భూములు గుంజుకున్న సంగతి ఏ రేడియో వార్త కావాలె?

2008 అక్టోబరు 15న మెదక్ జిల్లా మాచ్నూర్‌లో దళిత ఆడవాళ్లు నడిపే సంఘం రేడియో మొదలైంది. విత్తనాల గురించి మాట్లాడొచ్చు, పాట పాడొచ్చు. సొంతంగా వార్తలు చెప్పే హక్కు మాత్రం కమ్యూనిటీ రేడియోకు సర్కారు ఇయ్యలేదు. ఆకాశవాణి వార్తలే మళ్లీ వినిపించాలె. మాట పటేలుది, గొంతు మనది.