జైలు ఇంగ్లీషుది, కబుర్లు ఫ్రెంచివి

నతాషా అప్పనా నవల ‘ది లాస్ట్ బ్రదర్’ మొదటిసారి చదివినప్పుడు కళ్ళ ముందున్న విషయమే నాకు పట్టుబడలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలం, మారిషస్‌లో బో బాసాఁ జైలు. రాజ్ చెరకుతోటల్లోంచి వచ్చిన భారతీయ కుటుంబం పిల్లాడు, వాళ్ళ నాన్న ఆ జైల్లో కాపలాదారు. డేవిడ్ ప్రాగ్ నుంచి వచ్చిన యూదు అనాథ. పాలస్తీనాలో దిగనివ్వకుండా బ్రిటిష్ వాళ్ళు 1940లో ఈ దీవికి తరలించి బంధించిన పదిహేను వందల పైచిలుకు మందిలో ఒకడు. ఈ పిల్లలిద్దరూ మాట్లాడుకునేది ఫ్రెంచిలో. ఇద్దరిలో ఎవరికీ అది అమ్మ భాష కాదు.

బ్రిటిష్ వాళ్ళ దీవిలో ఫ్రెంచేంటి?

1810 డిసెంబరులో ఫ్రెంచి వాళ్ళు దీవిని అప్పగించారు. ఆస్తులూ, చట్టాలూ, మతమూ, ఆచారాలూ ఎప్పట్లాగే ఉంటాయని ఆ ఒప్పందంలోనే హామీ ఉంది. అంటే జెండా మారింది, దొర మారలేదు. 1835లో బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం ముట్టింది బానిసలకు కాదు, వాళ్ళ యజమానులకి! ఆ తోటల్లోకి కూలీలుగా మనవాళ్ళు వెళ్ళారు, మన కోరంగి రేవు నుంచి కూడా. ఒప్పందం ఇంగ్లీషు సర్కారుది, చాలాచోట్ల తోట ఫ్రెంచి కుటుంబానిది, నోట్లోకి వచ్చి చేరింది క్రియోల్. ఇప్పటికీ అక్కడి సివిల్ చట్టానికి పునాది నెపోలియన్ కోడే. పార్లమెంటు అధికార భాష ఇంగ్లీషు, కానీ సభ్యులు ఫ్రెంచిలోనూ మాట్లాడొచ్చని రాజ్యాంగమే చెప్తోంది.

అప్పనా పూర్వీకులు అలా ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్ళినవాళ్ళే (ఆ పేరులో మన అప్పన్న కనబడట్లేదూ?). ఆమె రాసేది ఫ్రెంచిలో. నేను చదివింది జెఫ్రీ స్ట్రాకన్ ఇంగ్లీషు అనువాదం. చక్కటి అనువాదమే, వంక పెట్టను. కానీ ఇంగ్లీషులోకి రాగానే పిల్లలు గుసగుసలాడుకునే భాష కాస్తా జైలు నడిపేవాళ్ళ భాష అయిపోయింది. నేను మొదటిసారి గమనించకపోవడానికి కారణం అదేననుకుంటా.

అలాగని ఫ్రెంచి ఏమంత అమాయకమైన భాషా కాదు. ఆ దీవిలో బానిసల్ని కొన్నదీ అమ్మిందీ ఆ భాషలోనే. తాగొచ్చి కొట్టే తండ్రి ఉన్న ఇంట్లోంచి రాజ్‌కి దొరికిన సందు బడి, అక్కడి చదువు. కాబట్టి ఆ భాష మీద అతనికి కోపం లేదు, సరే. రచయిత్రి అయినా కాసేపు ఆగి దాని పాత లెక్క అడగలేదు. నవల మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు ఇది.

ఎవరైనా దీన్ని తెలుగులోకి తెస్తే ఆ ఇద్దరి మాటల్ని ఎలా రాస్తారో చూడాలనుంది. గోదావరి యాసలో రాస్తే ముచ్చటగా ఉంటుంది, కానీ తప్పు. కొంచెం బిగుసుకుపోయిన, తడుముకుంటూ పలికే పాఠ్యపుస్తకాల తెలుగే కావాలి.