మూడు, నాలుగు, అయిదు

కొత్త ఇంటికి ముగ్గు పోసే రోజున తాపీ మేస్త్రిని గమనించండి. మూలలో మేకు కొట్టి రెండు దారాలు లాగుతాడు. ఒకదాని వెంట మూడడుగులు, రెండోదాని వెంట నాలుగడుగులు కొలిచి గుర్తు పెడతాడు. గుర్తుల మధ్య టేపు పట్టి, సరిగ్గా అయిదడుగులు వచ్చేదాకా రెండో దారాన్ని అటూ ఇటూ జరుపుతాడు. వచ్చిందా, మూల కుదిరినట్టే.

యజ్ఞవేదికి మూలలు తియ్యడానికి ఆపస్తంబ శుల్బసూత్రంలో ఉన్నదీ ఈ లెక్కే. శుల్బమంటే తాడు. ప్రవరలో ఆపస్తంబ సూత్రమని గడగడా అప్పజెప్పే తెలుగిళ్లలో, ఆ పేరు వెనక తాడు కూడా ఉందని ఎవరైనా పిల్లలకు చెబుతారో లేదో!

ఆ మూల పరీక్షల్లోనూ ఎదురవుతుంది. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లల్లో ఇంకా ఎంసెటే. ఇంజనీరింగ్ వాళ్లకు మూడు గంటల్లో 160 బిట్లు, అందులో 80 లెక్కలవి. బిట్టుకు అరవై ఏడున్నర సెకన్లు. ఈ హడావిడిలో పిల్లలు ముందుగా మానేసేది బొమ్మ గీయడం. టైం మిగులుతుందనుకుంటారు. నన్నడిగితే పోయేది అక్కడే.

వృత్తంలో ఒక జ్యా పొడవు 8, కేంద్రం నుంచి దాని దూరం 3. వ్యాసార్ధం ఎంత? కేంద్రం నుంచి జ్యా మీదికి లంబం దించితే అది జ్యాను సగం చేస్తుంది. జ్యా చివరికి ఇంకో గీత కలపండి. మూడు, నాలుగు కనిపిస్తున్నాయి, కలిపిన గీత అయిదు. మేస్త్రి మూలే ఇది.

భుజాలు 6, 8, 10 ఉన్న త్రిభుజం ఇచ్చి పరివృత్త వ్యాసార్ధం అడిగితే చాలామంది మూడు భుజాలనూ గుణించి, నాలుగు రెట్ల వైశాల్యంతో భాగిస్తారు. 480ని 96తో భాగించి 5 తెస్తారు. తప్పేం లేదు, చుట్టుదారి అంతే. లంబకోణం ఎదుటి భుజమే ఆ వృత్తానికి వ్యాసం, పదిలో సగం అయిదు. లోపలి వృత్తం ఇంకా ముచ్చటైనది. లంబకోణం ఉన్న మూల నుంచి, వృత్తం భుజాలను తాకే చోటుకి రెండు వైపులా ఉండే దూరం వ్యాసార్ధమంతే. 6లోంచి, 8లోంచి దాన్ని తీసేస్తే మిగిలిన ముక్కలు రెండూ కలిసి కర్ణమంత అవుతాయి. 14లోంచి రెండు వ్యాసార్ధాలు పోతే 10. అంటే ఒక్కోటి 2. పెన్ను కాగితం మీద పెట్టినవాడికే ఇది తడుతుంది.

అమెరికాలో మనవాళ్ల పిల్లలు రాసే శాట్‌లో గణితానికి 70 నిమిషాలు, 44 ప్రశ్నలు. సూత్రాల పట్టిక, కాలిక్యులేటర్ రెండూ తెర మీదే ఉంటాయి. లంబం ఎక్కణ్నుంచి దించాలో మాత్రం ఆ పట్టికలో ఉండదు.

ఇంటర్‌లో సరళరేఖలు, వృత్తాలు వచ్చేసరికి బొమ్మ పోయి సమీకరణాలు మిగులుతాయి. అక్కడా ‘మూడు ఎక్స్ ప్లస్ నాలుగు వై’ ఊరికే తగులుతుంటుంది. మూలబిందువు నుంచి ఆ గీతకున్న దూరం కట్టేటప్పుడు కింద పడేది 9, 16ల మొత్తానికి వర్గమూలం, అంటే 5. పేపరు తయారుచేసేవాళ్లకు ఆ జంట మీద అంత ప్రేమ అందుకే. మూలబిందువు కేంద్రంగా వ్యాసార్ధం 5 ఉన్న వృత్తం గీసి, సమీకరణంలో కుడి పక్కన 25 ఉన్న గీతను చూడండి. దూరం 25 బై 5, సరిగ్గా 5. గీత వృత్తాన్ని ఒక్క చోట తాకి పోతుంది. 25 బదులు 30 ఉంటే దూరం 6, తాకనే తాకదు.