రాగి పలకరాయి - ఉప్పునీటి వాదము

జర్మనీ, పోలెండు దేశముల భూగర్భమున "కుప్ఫర్‌షీఫర్" అను నల్లని పొర విశాలముగా వ్యాపించియున్నది. ఆ పేరునకు రాగి పలకరాయి అని అర్థము. సుమారు 26 కోట్ల సంవత్సరముల నాటి ఈ పొర చాల చోట్ల ఒక మీటరు మందమైనను లేదు. దీని క్రింద ఎర్రని ఇసుకరాయి, పైన సున్నపురాయి, అన్‌హైడ్రైటు, రాతి ఉప్పు గలవు.

ఇందలి రాగి సముద్రపు బురదతోపాటే అడుగున చేరినదని పూర్వవాదము. పొర పలుచగా, ఏకరీతిగా నుండుట దానికి బలము. కాని మామూలు సముద్రజలమున రాగి వంద కోట్ల భాగములలో ఒక భాగమైనను లేదు. అంతేకాదు, 1957లో కనుగొనబడిన పోలెండులోని లూబిన్ నిక్షేపమున రాగి క్రింది ఇసుకరాతిలోను, పై సున్నపురాతిలోను గూడ ఉన్నది. బురదతో దిగిన రాగియైనచో పొరల హద్దులు దాటనేల?

1976లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్థర్ రోజ్ ప్రకటించిన వ్యాసము ఈ చిక్కు విడుటకు తోడ్పడినది. మంచినీట రాగి కరగుట అరుదు. ఉప్పునీట నది క్లోరైడుతో జతగూడి, వేడి తక్కువైనను, చెప్పుకోదగినంత కరగును. ఎర్రరాళ్లలో గంధకము సల్ఫేటుగానే యుండును గనుక రాగిని పట్టుకొనజాలదు. ఆ నీరు సేంద్రియపదార్థముగల నల్లరాతిని చేరినప్పుడు అచ్చటి సల్ఫైడుతో కలిసి రాగి గట్టిపడును. క్లోరైడును, సల్ఫేటును సమకూర్చునవి ఇగిరిన సముద్రజలపు లవణములే. కావున పాఠములలో ఉప్పుపొరను ఎండ వాతావరణమునకు సాక్షిగా మాత్రమే చూపుట చాలదు. అది పనిలో పాలుగొన్నది.

అయినను ఈ వాదమునకు హద్దు గలదు. కుప్ఫర్‌షీఫర్ మీద ఉప్పు ఎంతో మేర పరచుకొని యున్నను, త్రవ్వదగిన రాగి కొద్దిచోట్లనే దొరకినది. రాగినిచ్చు రాయి, నీరు నడచు దారి, దానిని నిలుపు నల్లరాయి కూడిననే ఫలము. ఉప్పున్నచోటనెల్ల రాగి యుండుననుట తొందరపాటు. ఉప్పు కనబడనిచోట అది ఎన్నడును లేదనుటయు అంతే. కరగిపోవుట దాని స్వభావము.

ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఈ పొరలను వరుసగా గీసి, రాగికి ఏ పొర ఏమిచ్చినదో విద్యార్థులచేతనే చెప్పించిన, రెండు వాదముల బలాబలములు వారికే తేటపడును.