నెర్రె పూడ్చిన చెక్కకు పాలిష్

ఎపాక్సీతో పూడ్చిన నెర్రె పాలిష్‌ను పీల్చుకోదు. పక్కనున్న చెక్క పీల్చుకుంటుంది. బాగుచేసిన బల్లల మీద మచ్చలు పడటానికీ, పాలిష్ పొరలుగా లేవడానికీ చాలావరకు ఈ తేడాయే మూలం.

తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ల చుట్టూ ఉన్న నల్లరేగడిలో ఈ పనికి అసలైన పరీక్ష సర్కారు తుమ్మ. 1870ల్లో దేశంలోకి వచ్చిన ఈ చెట్టును తమిళులు సీమై కరువేలం అంటారు. చెరువులనూ బీళ్లనూ ఆక్రమించిందని దానిమీద వ్యాజ్యాలు మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దాకా వెళ్లాయి. కొట్టిన కలప ఎక్కువగా పొయ్యిలోకో బొగ్గు బట్టీకో పోతుంది. నిజానికి దాని చేవ గట్టిది, ఎరుపు కలిసిన గోధుమరంగుది, ఎండినా పెద్దగా కుంచించుకుపోదు. వచ్చిన చిక్కల్లా వంకర మొద్దులు, ముడులు, బీటలు, తెల్లచెక్కలో పురుగు తొలిచిన బొక్కలు. దీని దాయాది మెస్కీట్‌కూ ఇవే లోపాలున్నాయి. అమెరికాలోని టెక్సస్ వడ్రంగులు వాటిని ఎపాక్సీతో నింపి, కొందరు టర్కాయిస్ రాళ్ల ముక్కలు కూడా పొదిగి, ఖరీదైన బల్లలు చేస్తున్నారు.

కొండపల్లి బొమ్మల అతుకులను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో పూడుస్తారు. పైన సున్నం, ఆపై రంగులు పడతాయి కనుక మక్కు ఏ రంగులో ఉన్నా ఫరవాలేదు. కింది చెక్క కనిపించే పాలిష్‌కు ఆ వెసులుబాటు లేదు. పూడిక రంగు ముందే తేల్చుకోవాలి. చెక్క రంగుకు అచ్చంగా సరిపెట్టబోతే తరచూ బెడిసికొడుతుంది, ఎందుకంటే వెలుతురు తగిలేకొద్దీ చెక్క రంగు మారుతుంది, పూడిక దాంతోపాటు మారదు. బొగ్గుపొడి కలిపి నల్లగా వదిలేస్తే సహజమైన ముడిలా కలిసిపోతుంది. సర్కారు తుమ్మ బొగ్గు ఆ ప్రాంతంలో వెతుక్కోవలసిన సరుకూ కాదు.

చెక్క బాగా ఆరాలి. నెర్రెలోని బెరడు, పుచ్చు గీకేసి, లోపలి గోడలకు ముందు పలచగా ఎపాక్సీ పూస్తే తర్వాత గాలిబుడగలు తగ్గుతాయి. ఎండాకాలంలో ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నెలోనే వేడెక్కి గట్టిపడుతుంది. లోతైన బీటను విడతలుగా నింపాలి, చివర కాస్త ఉబ్బెత్తుగా ఉంచాలి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఈశాన్య రుతుపవనాల తేమలో గట్టిపడిన ఎపాక్సీ మీద కొన్నిసార్లు జిడ్డులాంటి పొర తేలుతుంది. దాన్ని నేరుగా సాండ్‌పేపర్‌తో రుద్దితే పోదు, అంతటా పులుముకుంటుంది. నీళ్లతో రుద్ది కడిగి, ఆరాకే చిత్రిక పట్టాలి. పూర్తిగా గట్టిపడటానికి చాలా రకాలకు వారం దాకా పడుతుంది. ఆపైన 120, 180, 220 నంబర్ల కాగితాలతో వరుసగా రుద్దాలి. నల్లని పూడిక మీద చిన్న గీత కూడా తెల్లగా మెరుస్తుంది. స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే మిగిలిపోయిన గీతలు బయటపడతాయి. అద్దంలా నున్నగా చేయడమూ తప్పే, పాలిష్‌కు పట్టు దొరకదు.

స్టెయిన్ చెక్కకే పడుతుంది, పూడికకు పట్టదు. నూనె పాలిష్ కూడా అంతే. అవిసె నూనె చెక్కలోకి ఇంకుతుంది, ఎపాక్సీ మీద మాత్రం జిగటగా మిగులుతుంది. పైన పొరగా నిలిచే పాలిష్‌లే దీనికి నప్పుతాయి. మైనం తీసిన లక్క పాలిష్ రెండింటినీ పట్టుకుంటుంది కనుక మొదటి పూతగా అదే మేలు. దానిమీద పియు (పాలీయురెథేన్) పలచగా, పూతకూ పూతకూ మధ్య మెత్తగా రుద్దుతూ వేయాలి.

ఎండపొడ తగిలితే రంగు కలపని ఎపాక్సీ పసుపెక్కుతుంది. కిటికీ పక్క బల్లకు నల్ల పూడిక మంచిదనడానికి ఇదీ ఒక కారణం. మామూలు ఎపాక్సీ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడవచ్చు, పైన ఎంత మంచి పాలిష్ వేసినా ఆ గుణం మారదు. అందుకే పొయ్యి మీంచి దించిన గిన్నె పెట్టే బల్లకు ఈ పద్ధతి పనికిరాదు. పెట్టెలకు, అల్మారా తలుపులకు, రాతబల్లలకు నిక్షేపంగా పనికొస్తుంది.