వెల, విలువ: ఆటగాడి వేలంపాట

2025 డిసెంబరు 16న ముషీరాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో కూర్చుని వున్నాను. అబుదాబిలో ఐ.పి.ఎల్. ఆటగాళ్ల వేలం జరుగుతున్నది. తార్నాక వైపు నుంచి వచ్చిన నలుగురు విశ్వవిద్యాలయ విద్యార్థులు పక్క బల్ల దగ్గర ఒకే ఫోను చుట్టూ తలలు చేర్చి చూస్తున్నారు. కామెరన్ గ్రీన్ అనే ఆస్ట్రేలియా ఆటగాణ్ణి కోల్‌కతా జట్టు 25 కోట్ల 20 లక్షలకు పాడుకోగానే వాళ్లలో వాదం పుట్టింది. ‘‘సంతలో ఎద్దును అమ్మినట్టు మనిషిని అమ్ముతున్నారు’’ అన్నాడొకడు. ‘‘పాతిక కోట్లు పుచ్చుకునేవాణ్ణి శ్రామికుడంటే మన చేపల మార్కెట్లో బుట్టలు మోసేవాడు నవ్వుతాడు’’ అన్నాడు రెండోవాడు. నన్ను తీర్పు చెప్పమన్నారు. ఆ పూట నేను చెప్పిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు. అందుకే ఈ వ్యాసం.

మన భాషలో రెండు మాటలున్నాయి: వెల, విలువ. వాడుకలో ఒకదాని బదులు ఇంకొకటి వాడుతూనే వుంటాం. కానీ విమర్శకుడు ఆ పని చేయరాదు. వెల అంగట్లో పుడుతుంది. విలువ పనిలో పుడుతుంది. మన పత్రికల క్రీడాపుటలు వెలను చూపి అదే విలువ అంటున్నాయి. ఎవడికి ఎంత వచ్చిందో పట్టిక వేసి, ఆ పట్టికే ప్రతిభకు కొలత అంటున్నాయి. ఈ భ్రమను మొదట విప్పి చూడాలి.

వేలంపాట అనే మాట మనకు క్రికెట్టు నేర్పినది కాదు. సారా దుకాణాల పాటలు మన జిల్లాల్లో ఏటేటా జరిగేవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలతో మొదలైన ఉద్యమం వాటికి అడ్డుపడింది. ఆ పాటలో కంట్రాక్టరు దేనికి ధర కట్టేవాడు? దుకాణపు గోడలకు కాదు, సారా నాణ్యానికీ కాదు. ఆ ఊరివాళ్ల జేబుల్లోంచి తర్వాత ఎంత రాబట్టుకోగలనన్న అంచనాకు ధర కట్టేవాడు. పోటీకి ఇంకొకడు వచ్చి కూర్చుంటే ఆ ధర పెరిగేది, రాకపోతే తగ్గేది. వేలంలో పలికే ధర అమ్ముడయ్యే వస్తువును గురించి కొద్దిగానూ, కొనేవాళ్లను గురించి ఎక్కువగానూ చెబుతుంది.

ఆటగాడి విషయంలోనూ అంతే. వెంకటేశ్ అయ్యర్‌ను 2024 నవంబరులో కోల్‌కతా జట్టు 23 కోట్ల 75 లక్షలకు కొన్నది. పదమూడు నెలలు తిరక్కముందే, 2025 డిసెంబరు వేలంలో, బెంగళూరు జట్టు అతన్ని 7 కోట్లకు తీసుకున్నది. మధ్యలో ఒక సీజను సరిగా ఆడలేదు, నిజమే. కానీ ఒక మనిషి నైపుణ్యంలో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క ఏడాదిలో ఆవిరైపోతుందా? ఆవిరైనది కొనుగోలుదారుల అవసరం. మొదటిసారి అతన్ని పోగొట్టుకోరాదని పట్టుపట్టిన జట్టు ఒకటి వున్నది, దాని పర్సులో డబ్బు వున్నది. రెండోసారి ఆ పట్టుదల లేదు. ఎవరి పేరు ఏ వరసలో పిలిచారు, అప్పటికి ఎవరి పర్సులో ఎంత మిగిలింది, ఆ రకం ఆటగాళ్లు జాబితాలో ఇంకెందరున్నారు – ఇవి ధరను తేల్చే సంగతులు.

పైగా ఆ ధర అంతా ఆటగాడి చేతికి వస్తుందనుకోవడమూ పొరపాటే. గ్రీన్‌కు పలికినది 25 కోట్ల 20 లక్షలు. విదేశీ ఆటగాళ్లకు చిన్న వేలంలో పెట్టిన పరిమితి ప్రకారం అతనికి ముట్టేది 18 కోట్లు. తక్కినది క్రికెట్ బోర్డుకు పోతుంది. ఆటగాళ్ల సంక్షేమానికి ఖర్చు పెడతామని బోర్డు అంటున్నది. విద్యార్థి మిత్రులు చూసి కేకలు వేసిన అంకె అతని జీతం కానే కాదు.

మన వూళ్ల కుర్రవాళ్ల సంగతి చూద్దాం. హైదరాబాదులో ఒక ఎలక్ట్రీషియను ఇంట పుట్టిన తిలక్ వర్మ 2022 వేలానికి 20 లక్షల కనీస ధరతో వచ్చాడు. ముంబై జట్టు 1 కోటి 70 లక్షలకు తీసుకున్నది. ఆ యేడు 397 పరుగులు, మరుసటి యేడు 343, ఆపై యేడు 416 పరుగులు చేశాడు. ఈలోగా దేశపు జట్టులోకీ వచ్చాడు. జీతం మాత్రం మూడు సీజన్లూ అదే. 2025కు గాని అది 8 కోట్లు కాలేదు. విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 సీజనులో వర్ధమాన ఆటగాడి బహుమతి పొందినప్పుడు హైదరాబాద్ జట్టు అతనికి ఇస్తున్నది 20 లక్షలు. తరువాత అట్టిపెట్టుకున్నది 6 కోట్లకు. పెరిగింది కదా అంటారు. పెరిగింది. కానీ పెరగడానికి ముందు చేసిన పని ఎవరి ఖాతాలోకి పోయింది? మూడు సీజన్లపాటు వెలకూ విలువకూ మధ్య వున్న తేడా జట్టు యజమాని లాభంగా మిగిలింది. పనికీ ప్రతిఫలానికీ మధ్య ఈ తేడాకు మన అర్థశాస్త్రంలో ఒక పేరున్నది. పాఠకులకు ఆ పేరు గుర్తు చేయనక్కరలేదు.

ఆ మూడేళ్లూ తిలక్ వర్మ వేరే జట్టుతో తానే మాట్లాడుకుని వుంటే ఏమయ్యేది? దీనికి జవాబు రవీంద్ర జడేజా కథలో వున్నది. రాజస్థాన్ జట్టులో వుండగా ముంబైతో సొంతంగా బేరమాడాడని 2010 సీజను మొత్తం అతన్ని ఆడనివ్వలేదు. తన శ్రమకు తానే ధర అడగడం అక్కడ నేరమయింది. పదిహేనేళ్ల తర్వాత, 2025 నవంబరులో, అదే జడేజాను చెన్నై జట్టు అదే రాజస్థాన్‌కు పంపి సంజు శాంసన్‌ను తెచ్చుకున్నది. అతని జీతం 18 కోట్ల నుంచి 14 కోట్లకు తగ్గింది. నిబంధన ప్రకారం ఇట్లాంటి మార్పిడికి ఆటగాడి సమ్మతి కావాలి. జడేజా సమ్మతించే వుంటాడు. నేను అడిగేది ఒక్కటే. యజమానులిద్దరు మాట్లాడుకుంటే అది వ్యాపారం, ఆటగాడు మాట్లాడితే అది క్రమశిక్షణా రాహిత్యం – ఈ న్యాయం ఎక్కడిది?

ఈ న్యాయం పాతదే. దాన్ని ఇతర దేశాల ఆటగాళ్లు ఎదిరించి వదిలించుకున్నారు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్‌ను 1969లో, పన్నెండేళ్లు ఆడిన సెయింట్ లూయీ జట్టు, అతన్ని అడగకుండానే ఫిలడెల్ఫియాకు మార్చింది. నేను కొనడానికీ అమ్మడానికీ వున్న ఆస్తిని కానని అతను క్రీడాధికారికి రాశాడు. సుప్రీం కోర్టు దాకా వెళ్లాడు. 1972లో 5–3 తేడాతో ఓడిపోయాడు, ఆటా పోయింది. కానీ ఆటగాళ్ల సంఘం ఆ పోరాటాన్ని వదలలేదు. 1975లో ఒక మధ్యవర్తి తీర్పుతో కట్టు తెగింది. ఆపై ఒప్పందంలో, ఆరేళ్లు ఆడినవాడు నచ్చిన జట్టుతో తానే బేరమాడుకోవచ్చునన్న హక్కు వచ్చింది. ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆటగాళ్లు సమ్మె చేస్తామని నిలబడితే వారానికి 20 పౌన్లన్న గరిష్ఠ జీతం 1961లో పోయింది. 1963లో ఈస్టామ్ కేసులో, ఒప్పందం ముగిసినా ఆటగాణ్ణి కట్టిపెట్టుకునే పద్ధతి న్యాయం కాదని కోర్టు చెప్పింది. ఈ హక్కులు యజమానుల దయవల్ల వచ్చినవి కావు.

ఇక్కడ లెక్కల శాస్త్రాన్ని గురించి ఒక మాట. బిల్ జేమ్స్ వంటివారు బేస్‌బాల్ అంకెలను కొత్తగా చదవడం నేర్పిన తర్వాత, ఒక ఆటగాడు తన జట్టుకు ఎన్ని గెలుపులు అదనంగా తెస్తున్నాడో అంచనా కట్టే పద్ధతులు వచ్చాయి. ఓక్లండ్ జట్టు ఆ పద్ధతితో, అంగడి గుర్తించని మంచి ఆటగాళ్లను చవగ్గా కొని, 2002లో పెద్ద జట్లతో సరితూగింది. ఇప్పుడు మన జట్లూ ఆ పనికి మనుషుల్ని పెట్టుకున్నాయి. మన మిత్రులు కొందరు ఈ కొలతలంటేనే చీదరించుకుంటారు. మనిషిని అంకె చేస్తున్నారంటారు. నేను వాళ్లతో ఏకీభవించను. కొలత తప్పు కాదు. కొలబద్ద ఎవరి చేతిలో వున్నదన్నది ప్రశ్న. యజమాని చేతిలో అది చవకగా కొనే సాధనం. అమెరికాలో 1974 నుంచి అమలైన జీతాల మధ్యవర్తిత్వంలో అవే అంకెలను ఆటగాడు బల్లమీద పెట్టి, నాతో సమానంగా ఆడినవాడికి ఇంత ఇస్తున్నారు, నాకూ ఇవ్వండి అని వాదించగలిగాడు. తిలక్ వర్మ 397 పరుగులు పెట్టి వాదించడానికి ఇక్కడ అట్లాంటి బల్ల లేదు.

ఇక రెండో విద్యార్థి ప్రశ్నకు వస్తాను. కోట్లు పుచ్చుకునేవాడికి దోపిడీ ఏమిటి? ఈ ఆక్షేపణను తేలిగ్గా తోసివేయరాదు. అరుదైన నైపుణ్యానికి దొరికే అద్దె కూడా ఆ కోట్లలో వున్నది. అందరికీ ఆ అద్దె దొరకదు. బుట్ట మోసేవాడితో ఆటగాణ్ణి సమానం చేసి మాట్లాడటం బుట్ట మోసేవాణ్ణి అవమానించడమే. కానీ ఎవరు శ్రామికుడు అన్నది జీతపు పరిమాణం తేల్చదు, సంబంధం తేలుస్తుంది. మొత్తం లెక్క చూడండి. 2023 నుంచి 2027 వరకు ఐ.పి.ఎల్. ప్రసార హక్కులు 48,390 కోట్లకు పోయాయి. ఏడాదికి 9,678 కోట్లు. 2025లో పది జట్లూ ఆటగాళ్ల మీద పెట్టగల గరిష్ఠ మొత్తం, మ్యాచ్ ఫీజులతో సహా, జట్టుకు 146 కోట్లు. అంతా కలిపి 1,460 కోట్లు. ప్రసారం డబ్బులోనే ఇది ఆరో వంతు లోపు. టిక్కెట్లూ ప్రకటనలూ వేరు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో సంఘం కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఆటకు సంబంధించిన ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లది. పాతిక కోట్ల అంకెను అంత పెద్ద అక్షరాలతో అచ్చు వేసేది ఈ ఆరో వంతు కనబడకుండా చేయడానికి బాగా పనికివస్తున్నది.

పైగా కోట్లవాడు ఒక్కడు కనబడితే వేలమంది కనబడరు. రంజీ ట్రోఫీలో నలభై మ్యాచ్‌లు దాటిన ఆటగాడికి 2021 సవరణ ప్రకారం రోజుకు 60,000 రూపాయలు, కొత్తవాడికి 40,000. రిజర్వులో కూర్చున్నవాడికి అందులో సగం. సీజనులో ఆ రోజులు ఎన్ని? కాలు విరిగితే ఏమిటి? వేలంలో పేరు పిలిచి, ఎవరూ చెయ్యెత్తక, ‘‘అమ్ముడుపోలేదు’’ అనిపించుకుని ఇంటికి పోయే కుర్రవాడికి రెండో రోజు ఏ సంఘం అండ వున్నది? భారత క్రికెటర్ల సంఘమని 2019లో ఒకటి ఏర్పడింది. అది ఆట మానినవాళ్లకే. ఆడుతున్నవాళ్లకు సంఘం లేదు. ఇంత డబ్బున్న ఆటలో ఇంత పెద్ద లోటును గురించి మన క్రీడాపుటలు ఎన్నిసార్లు రాశాయి?

విలువ సంగతి మిగిలింది. 2008లో మొదటి వేలానికి ముందు వి.వి.ఎస్. లక్ష్మణ్‌కు డెక్కన్ చార్జర్స్ ‘ఐకాన్’ హోదా వచ్చేది. ఆ హోదా వున్నవాడికి జట్టులో అత్యధిక ధర పలికినవాడికన్న 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. జట్టుకు కొనడానికి డబ్బు మిగలాలని ఆయన దాన్ని వదులుకున్నాడు. సైమండ్స్‌కు 13 లక్షల 50 వేల డాలర్లు పోయాయి. లక్ష్మణ్‌కు 3 లక్షల 75 వేలు. ఆ యేడు ఆ జట్టు అట్టడుగున నిలిచింది. మరుసటి యేడు చాలావరకు ఆ ఆటగాళ్లతోనే కప్పు గెలిచింది. ఆ వేలపు ధరల పట్టిక చూసి ఈ రెంటిలో దేన్నీ ఎవరూ చెప్పగలిగేవారు కారు. లక్ష్మణ్ చేసినది గొప్ప పనే. కానీ ఆటగాడి త్యాగాన్ని యజమాని పర్సులో జమ కట్టి, దాన్ని జట్టు స్ఫూర్తి అని మెచ్చుకోవడం దగ్గర నేను ఆగిపోతాను.

అసలు ఆటగాణ్ణి తయారుచేసినదెవరు? 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు ఎస్.ఏ. రహీం. ఆయన ఉస్మానియాలో చదివి బడిపంతులు పని చేసినవాడు. 1962లో జకార్తాలో ఆయన శిక్షణలో దేశం ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాంను ఆటగాణ్ణి చేసినదీ ఆయనే. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ బలరాంను తీసుకుపోయినప్పుడు, ఆ పంతులు శ్రమకూ సికింద్రాబాదు మైదానాలకూ ఎవరు ధర కట్టారు? ఈనాటికీ కట్టేవారు లేరు. బడి వ్యాయామోపాధ్యాయుడు, బస్తీ మైదానం, విశ్వవిద్యాలయపు ఆటస్థలం ప్రజల డబ్బుతో నిలిచినవి. వాటినుంచి వచ్చిన పంటను వేలంలో పాడుకునేది వేరేవాళ్లు.

కాబట్టి ఆ సాయంత్రపు ఇద్దరు విద్యార్థులకూ నా జవాబు ఇది. మొదటి మిత్రుడా, నీ కోపం సరైనదే. కానీ వేలాన్ని తిట్టి వూరుకుంటే అది ఇంకో పేరుతో సాగుతుంది. ఇన్నేళ్లు ఆడినవాడు తన జట్టును తాను ఎంచుకోవాలని, ఆదాయంలో ఆటగాళ్ల వాటా ఒప్పందంలో రాసి వుండాలని, ఆడుతున్నవాళ్లకు సంఘం వుండాలని, మైదానాలకు ఆ ఆదాయంలో భాగం తిరిగి రావాలని అడుగు. రెండో మిత్రుడా, బుట్ట మోసేవాడి పక్షాన నువ్వు నిలబడటం మంచిదే. ఐతే అతని కష్టాన్ని చూపించి ఆటగాడి హక్కును కాదంటే లాభపడేది ఆ ఇద్దరూ కారు. విమర్శ రాసే మనకూ ఒక పని వున్నది. ఫలానావాడు ‘‘అమ్ముడుపోయాడు’’ అని రాయడం మానేద్దాం. ఎవరు ఎంతకు కొన్నారో రాసినప్పుడల్లా, కొన్నవాడు ఎంత సంపాదించుకుంటాడో కూడా ఆ పక్కనే రాద్దాం.