రెండు బోర్డులు, ఒక అక్షరము

క్రొత్త డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకొనదలచిన మా మేనల్లుడు ఈ వారము బి650, బి650ఇ అను రెండు మదర్‌బోర్డుల వివరములు నా ముందుంచి, "ఏది కొనమంటారు మామయ్యా?" అని అడిగినంతనే నాకు చిరాకు పుట్టినది. ఏఎమ్‌డీ వారు 2022 అక్టోబరున విపణికి తెచ్చిన ఈ రెంటికిని సాకెట్ ఒక్కటే, చిప్‌సెట్ ఒక్కటే, వేయవలసిన రామ్ డీడీఆర్5. తోకనున్న అక్షరమునకు మాత్రము వేల రూపాయలు అదనము! ఆ అక్షరము హామీ యిచ్చునది గ్రాఫిక్స్ స్లాటునకు ఐదవ తరము పీసీఐ ఎక్స్‌ప్రెస్. ఒక్కొక్క లేనున సెకనుకు 32 గిగాట్రాన్స్‌ఫర్లు, అనగా నాల్గవ తరమునకు రెట్టింపు, సంకేతము చెడకుండ స్లాటు దాక సాగవలెనన్న మేలైన బోర్డు వలయును, ఖర్చు అచ్చటనే. ఆటలాడువానికి ఆ భేదము కంటికానదు.

మాన్యువల్ చదువనివాడు స్క్రూడ్రైవరు పట్టరాదన్న నా పాత పిచ్చి పాఠకులెరిగినదే. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరున, పెంటియం రోజులలో, ఒక పెద్దాయన నాకది అంటించినాడు. 66 మెగాహెర్ట్‌జ్ బస్సును రెండున్నరతో హెచ్చించి 166 చేయుటకు ఏ పిన్నులు కలుపవలెనో, ఎంఎంఎక్స్ చిప్పునకు 2.8 వోల్టులు చాలునన్నప్పుడు పాతదాని 3.3 దగ్గర జంపరు మరచి వదలిన ఏమగునో, కాగితముపై వ్రేలుంచి చూపి, ఆ తరువాతనే చిమటా నా చేతికిచ్చుచు, "చదివి పెట్టు నాయనా, పెట్టి చదువకు" అనెడివాడు. నేటి బోర్డులపై ఆ జంపర్లు లేవు. చదువవలసినది మాత్రము ఫుట్‌నోట్లలోనికి దిగిపోయినది.

ఆ అలవాటుననే రెండు మాన్యువళ్లును తిరుగవేయగా, చౌకబోర్డున మూడవ ఎం.2 స్లాటు నింపినచో రెండు సాటా పోర్టులు పనిచేయవని అడుగున సన్నని అక్షరములలో కనబడినది. మావానికి పెండ్లివీడియోల హార్డుడిస్కులే రెండున్నవి. పైగా ప్రాసెసరుకు కరెంటు సర్దు మాస్‌ఫెట్‌లలో ఒక వరుసపై హీట్‌సింకే లేదు. ఏసీ లేని గదిలో, మే నెలలో, గంటలకొలది వీడియో రెండరు చేయువాడు వాడు.

కావున 'ఇ' బోర్డే కొనుమంటిని, ఆ 'ఇ' కొరకు మాత్రము కాదు. డబ్బు చాలనిచో గ్రాఫిక్స్ కార్డున ఒక మెట్టు దిగవలసినదనియు చెప్పితిని. అందులకు వాడింకను ఒప్పుకొనలేదు.